చట్టం ఉంది, నంబరు ఉంది, పిల్లలే చెప్పడం లేదు: ఆన్‌లైన్ వేధింపుల్ని ఆపే పని ఎలా సాగుతుంది

క్లుప్తంగా: ఆన్‌లైన్ వేధింపుల మీద ఫిర్యాదు తీసుకోవడానికి తెలుగు రాష్ట్రాల్లో ఏర్పాట్లు చాలానే ఉన్నాయి. అయితే అవన్నీ పిల్లలు నోరు తెరిచాకే కదులుతాయి. చెబితే ముందు తన ఫోనే పోతుందన్న భయం పిల్లలు నోరు తెరవకపోవడానికి ఒక ముఖ్య కారణం. పదహారేళ్ల లోపువాళ్లకి సోషల్ మీడియా నిషేధం మీద సాగుతున్న చర్చలో ఈ సంగతి వెనక్కి పోయింది.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్లు నిండని పిల్లలకి ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ లాంటి వాటిలో సొంత ఖాతా ఉండకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది. మరుసటి నెల దావోస్‌లో ఏపీ ఐటీ మంత్రి నారా లోకేశ్ అలాంటి చట్టాన్ని తామూ పరిశీలిస్తున్నామని అనడంతో ఆ చర్చ మన ఇళ్లలోకి వచ్చేసింది. ఫోన్లు లాగేసుకుంటే తప్ప పిల్లలు బాగుపడరని కొందరు, నిషేధం పెడితే అమ్మ నంబరుతో అకౌంట్ తెరుస్తారు ఎవరాపగలరని ఇంకొందరు. ఈ వాదనలో మూడు వేరువేరు విషయాలు కలగాపులగం అయిపోతున్నాయి. సోషల్ మీడియా ఏ వయసులో ఇవ్వాలన్నది ఒకటి. ఇచ్చాక (ఆ మాటకొస్తే ఇవ్వకపోయినా) తోటిపిల్లలు ఏడిపిస్తుంటే ఆపేదెవరన్నది రెండోది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోటోలు పట్టుకుని బెదిరిస్తే పోలీసులు ఏం చేయగలరన్నది మూడోది. పిల్లలకి రోజూ తగిలేది రెండోదే, వార్తల్లో అన్నిటికన్నా తక్కువ కనపడేదీ అదే.

యూనిసెఫ్ 2019లో మన దేశంతో సహా 30 దేశాల యువతను అడిగితే ముగ్గురిలో ఒకరు ఆన్‌లైన్ వేధింపులు ఎదుర్కొన్నామన్నారు, ఐదుగురిలో ఒకరు ఈ గొడవ వల్ల బడి ఎగ్గొట్టామన్నారు. ఫోన్ చేతిలో ఉండి, జవాబివ్వాలనిపించిన వాళ్ల మాట అది, పిల్లలందరి లెక్కగా తీసుకోకూడదు. మన పల్లెల సంగతికి, గ్రామీణ పిల్లల చదువుల మీద సర్వే చేసి ఇచ్చే అసర్ నివేదిక (2024) నయం. 14 నుంచి 16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో 82 శాతం పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్లే. వాళ్లలో అంతకుముందు వారంలో చదువు కోసం ఫోన్ వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. సోషల్ మీడియా వాడేవాళ్లలో ఒక ప్రొఫైల్‌ని బ్లాక్ చేయడమో రిపోర్ట్ కొట్టడమో తెలిసినవాళ్లు 62 శాతం. అంటే సగం మందికి పైగా ఆ మీటలు ఎక్కడున్నాయో ఇప్పటికే తెలుసు. బ్లాక్ చేయడం నేర్పేస్తే ఆన్‌లైన్ భద్రత అయిపోయినట్టే అనుకునే అవగాహన సదస్సులు ఈ అంకె ఒకసారి చూసుకోవాలి.

సరదాకీ వేధింపుకీ గీత ఎక్కడ

పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకోవడం కొత్త కాదు, అదంతా నేరం అనడమూ సరికాదు. నార్వేలో 1970ల నుంచి బడిపిల్లల మధ్య వేధింపుల మీద పనిచేసిన డాన్ ఓల్వియస్ దీనికి మూడు గుర్తులు పెట్టారు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదుటివాళ్లు తిరగబడలేని స్థితిలో ఉండటం. చాలా దేశాల స్కూళ్లు ఇప్పటికీ ఈ కొలతే వాడుతున్నాయి. ఫోన్‌లోకి వచ్చేసరికి మాత్రం ఈ మూడింటి లెక్కా తప్పుతుంది.

పదో తరగతి వాట్సాప్ గ్రూపు ఒకటి అనుకుందాం. క్లాసులో కునుకు తీస్తున్న ఒకడి ఫోటో పక్కవాడు తీసి, చుట్టూ కత్తిరించి స్టిక్కర్ చేశాడు. చేసింది ఒక్కసారే, అదీ నవ్వుకోవడానికే. ఆ స్టిక్కర్ సాయంత్రానికి బి సెక్షన్ గ్రూపులోకి, అక్కణ్నుంచి ట్యూషన్ గ్రూపులోకి పోయింది, ఆర్నెల్ల తర్వాత కూడా ఎవడో హోంవర్క్ ఏంటని అడిగితే ఇంకెవడో జవాబుగా దాన్నే వేస్తాడు. తయారుచేసినవాడు ఈపాటికి ఆ సంగతే మర్చిపోయి ఉంటాడు. కానీ ఫోటోలో ఉన్నవాడికి అది రోజూ జరుగుతూనే ఉంటుంది. 'మళ్లీ మళ్లీ' చేసింది ఇక్కడ ఒక మనిషి కాదు, నలభై మంది తలా ఒకసారి.

బలం సంగతీ అంతే. స్కూల్ గ్రౌండులో బలం అంటే కండ, వయసు, వెనకున్న గ్యాంగు. ఫోన్‌లో బలం స్క్రీన్‌షాట్ ఎవరి దగ్గరుంటే వాళ్లది. ఇంటర్, ఇంజనీరింగ్ కాలేజీల పేర్లతో నడిచే కన్ఫెషన్ పేజీలు చూస్తే ఇది బాగా తెలుస్తుంది. పేరు చెప్పక్కర్లేకుండా మెసేజ్ పెట్టే ఫారమ్ ఒకటి ఉంటుంది, నడిపేవాళ్లెవరో తెలియదు, పోస్టులో ఎవరి పేరూ ఉండదు. సెకండియర్, ఫలానా సెక్షన్, ఎర్ర స్కూటీ అని ఉంటుంది. బయటివాళ్లకి అది ఎవరి గురించో అర్థం కాదు, క్లాసులో అందరికీ అర్థమవుతుంది. రిపోర్ట్ కొడితే కంపెనీ మోడరేటర్‌కి అందులో తిట్టు కనపడదు, పేరూ కనపడదు, కాబట్టి నిబంధనల ఉల్లంఘన ఏమీ లేదన్న జవాబే వచ్చే అవకాశం ఎక్కువ. వేధింపు ఉన్నది మాటల్లో కాదు, చదివేవాళ్లకి ముందే తెలిసిన సంగతుల్లో. మెషీన్ పట్టుకోలేనిది సరిగ్గా అదే.

చూస్తూ ఊరుకున్నవాళ్లు

ఈ రంగంలో పనిచేసేవాళ్లు కాలక్రమంలో గమనించింది ఒకటుంది. ఏడిపించేవాణ్ని మార్చడం కష్టం, ఏడ్చేవాడికి ధైర్యం నూరిపోయడం కూడా కష్టమే, ఈ ఇద్దరి కన్నా మిగతా ముప్పై ఎనిమిది మందిని కదపడం తేలిక. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ క్రిస్టినా సల్మివల్లి తరగతిలోని పాత్రల్ని విడదీసి చూపించారు. మొదలుపెట్టేవాడు, వాడికి తోడు పోయేవాళ్లు, నవ్వి ఎగదోసేవాళ్లు, పట్టనట్టుండేవాళ్లు, అడ్డం పడేవాళ్లు. ఆ పరిశోధన మీద కట్టిన కివా అనే కార్యక్రమం 2009 నుంచి ఆ దేశం స్కూళ్లలో విస్తరించింది. అందులో పాఠాల ముఖ్య గురి చూస్తూ ఊరుకునేవాళ్లని, నవ్వి ఎగదోసేవాళ్లని బాధపడేవాడి పక్కకి లాగడం. ఒక కేసు బయటపడితే స్కూలులోని చిన్న బృందం బాధపడ్డ పిల్లవాడితో విడిగా, చేసినవాళ్లతో విడిగా మాట్లాడుతుంది, ఆపైన క్లాస్ టీచరు అదే తరగతిలో నలుగురి మాట చెల్లే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పిలిచి వీడికి తోడుగా ఉండమని అడుగుతారు. ఈ చివరి మెట్టు చిన్నదిలా కనపడుతుంది కానీ ఏడ్చేవాడి ఒంటరితనాన్ని తెంచేది అదే. కివాతో వేధింపులు తగ్గినట్టు పెద్ద అధ్యయనాల్లో తేలింది, అయితే ప్రాథమిక తరగతుల్లో కనిపించినంత ఫలితం పెద్ద తరగతుల్లో కనిపించలేదు. ఫోన్లు చేతికొచ్చేది ఆ పెద్ద తరగతుల్లోనే కాబట్టి, దీన్ని యథాతథంగా ఇక్కడికి దించుకుంటే చాలనుకోవడం పొరపాటు.

కెనడాలో స్కూలు ఆటస్థలాల్ని కెమెరాలతో గమనించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తోటిపిల్లలు కల్పించుకున్న సందర్భాల్లో 57 శాతం సార్లు ఏడిపించడం పది సెకన్లలో ఆగిపోయింది. కల్పించుకోవడమే అరుదు, ఐదింట ఒకసారి కూడా లేదు. గ్రూపు చాట్‌కి ఇది కొంతవరకే వర్తిస్తుంది, ఎందుకంటే అక్కడ పక్కనున్నవాడి మొహం కనపడదు, నవ్వే ఎమోజీల వరస మాత్రం కనపడుతుంది. మెసేజ్ చూసి ఊరుకున్న ముప్పై మంది బాధపడ్డారో ఆనందించారో తెలియక, అందరూ నవ్వారనే అనుకుంటాడు ఫోటోలో ఉన్నవాడు. అందుకే ఇప్పుడు పిల్లలకి చెప్పే సలహా గ్రూపులో గొడవ పెట్టుకోమని కాదు. ఆ పిల్లవాడికి విడిగా ఒక మెసేజ్ పెట్టు, టాపిక్ మార్చు, అడ్మిన్‌కి చెప్పి దాన్ని తీయించు. వాట్సాప్‌లో అడ్మిన్ వేరేవాళ్ల మెసేజ్‌ని అందరికీ కనపడకుండా తీసేయొచ్చు. (అడ్మిన్ అయితే జైలుకే అన్న ఫార్వర్డ్ ఒకటి ఏళ్లుగా తిరుగుతోంది. వేరేవాళ్లు పెట్టినదానికి అడ్మిన్‌ని అడ్మిన్ అయినంత మాత్రాన శిక్షించలేరని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఆ భయంతో మంచి పిల్లలు అడ్మిన్ పని వదిలేసుకుంటే గ్రూపు ఎవరి చేతికి పోతుందో ఊహించొచ్చు.)

తెలంగాణలో దీనికి దగ్గరగా వచ్చిన ప్రయత్నం సైబర్ అంబాసిడర్లు. పోలీసు శాఖ మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ, వైఎల్ఏసీ అనే సంస్థ కలిసి 2021లో మొదలుపెట్టాయి. 33 జిల్లాల్లో 1,650 ప్రభుత్వ పాఠశాలలు, ఒక్కో బడి నుంచి ఇద్దరు చొప్పున 3,300 మంది విద్యార్థులకి శిక్షణ. వాళ్లు తమ బళ్లో మిగతావాళ్లకి నేర్పాలి, ఏదైనా జరిగితే మొదట విని ఎక్కడికి వెళ్లాలో చెప్పాలి. పన్నెండేళ్ల అమ్మాయి తన గోడు పోలీసుకి కాదు, తొమ్మిదో తరగతి అక్కకి చెప్పుకుంటుందన్న అంచనా సరైనదే. అయితే ఆ తొమ్మిదో తరగతి అక్క ఏడాది తిరిగేసరికి పదికి, ఆపైన కాలేజీకి వెళ్లిపోతుంది, ఏటా కొత్తవాళ్లని తయారుచేస్తేనే ఇలాంటిది నిలుస్తుంది.

చెబితే ఏమవుతుందో పిల్లలకి తెలుసు

అమెరికాలో జానా జువోనెన్, ఎలిషెవా గ్రాస్ అనే పరిశోధకులు 12 నుంచి 17 ఏళ్ల పిల్లల మీద చేసి 2008లో ప్రచురించిన సర్వేలో, ఆన్‌లైన్‌లో వేధింపు ఎదురైనవాళ్లలో 90 శాతం మంది పెద్దవాళ్లకి చెప్పలేదు. సగం మంది ఇది మేమే తేల్చుకోవాలన్నారు. దాదాపు మూడో వంతు మంది చెబితే ఇంట్లో ఇంటర్నెట్ కట్ చేస్తారన్నారు. పాత సర్వే, వేరే దేశం, అయినా తెలుగు ఇళ్లలో ఆ రెండో కారణం ఇంకా బలంగా పనిచేస్తుందని అనుకోవడానికి తగిన పరిస్థితులున్నాయి.

ఇక్కడ ఫోన్ చాలాచోట్ల పిల్లల సొంతం కాదు, నాన్నది కానీ అమ్మది కానీ. క్లాసులు, నోట్సు, స్నేహాలు అన్నీ అందులోనే. "అసలు నిన్నెవడు పెట్టమన్నాడు ఫోటో?" అన్నది ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న. ఆ తర్వాత ఫోన్ బీరువాలోకి పోతుంది. ఆడపిల్లయితే బడి మాన్పించడం దాకా, సంబంధాలు చూడటం దాకా పోయే ఇళ్లూ ఉన్నాయి. వేధించినవాడికి ఏ నష్టమూ లేదు, చెప్పినవాళ్లకి శిక్ష. ఈ లెక్క పిల్లలు చాలా త్వరగా వేసుకుంటారు. బ్లాక్‌మెయిల్ చేసేవాళ్ల బలం కూడా దీని మీదే ఆధారపడి ఉంటుంది. "మీ నాన్నకి పంపిస్తా" అన్న ఒక్క మాటతో వాళ్ల పని జరిగిపోవడానికి కారణం ఫోటో కాదు, నాన్న ఏం చేస్తాడో అన్న టెన్షన్.

అనుభవం ఉన్న కౌన్సిలర్లు తల్లిదండ్రుల్ని ముందు ఒక మాట ఇమ్మని అడిగేది అందుకే. చెబితే ఫోన్ తీసుకోం. వినడానికి ఇది పిల్లల్ని గారాబం చేయడంలా ఉంటుంది. నిజానికి హెల్ప్‌లైన్లు, సెక్షన్లు, యాప్‌లు అన్నీ ఈ మాట తర్వాతే పనికొస్తాయి.

ఫిర్యాదు ఎక్కడికి పోతుంది

నంబర్లు ఎక్కువైపోవడం కూడా ఒక సమస్యే. 1930 సైబర్ నేరాల హెల్ప్‌లైన్, కానీ అది ముఖ్యంగా డబ్బు పోయినప్పుడు ఖాతాలు ఆపించడానికి. ఫోటోల బెదిరింపు, ఫేక్ ఐడీలకి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది, పిల్లల అసభ్య దృశ్యాల గురించైతే అందులో పేరు చెప్పకుండా కూడా తెలపొచ్చు. 1098 పిల్లల హెల్ప్‌లైన్, ఇదివరకు చైల్డ్‌లైన్ ఇండియా ఫౌండేషన్ నడిపేది, 2023 నుంచి ప్రభుత్వాల చేతుల్లోకి వచ్చి అత్యవసర నంబరు 112తో కలిసింది. మనసు బాగోలేకపోతే మాట్లాడటానికి టెలి మానస్, 14416, తెలుగులోనూ మాట్లాడతారు. తెలంగాణలో ఆడవాళ్ల భద్రత కోసం పోలీసులు నడిపే షీ టీమ్స్, సైబర్ నేరాలకి సైబర్ సెక్యూరిటీ బ్యూరో. అవగాహన సామగ్రి తయారుచేసేది కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ, హైదరాబాద్ సీడాక్. ముంబైలో రతి ఫౌండేషన్ నడిపే మేరీ ట్రస్ట్‌లైన్ లాంటివి పిల్లలతో మాట్లాడుతూనే, వాళ్ల తరఫున కంపెనీలతో కూడా మాట్లాడి పోస్టులు తీయిస్తాయి.

వీటిలో షీ టీమ్స్ పద్ధతి కొంచెం ఆగి చూడదగ్గది. 2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లో మొదలైన ఈ బృందాలు వాట్సాప్‌లో కూడా ఫిర్యాదు తీసుకుంటాయి, పట్టుబడింది మైనర్ అయితే తల్లిదండ్రుల్ని పిలిపించి వాళ్ల ఎదుటే కౌన్సెలింగ్ ఇస్తాయి. అన్నిసార్లూ కేసు దాకా పోదు. ఏడిపించినవాడు కూడా పిల్లాడే అయిన చోట ఇది తగిన మార్గమే. దీని పరిమితి పేరులోనే ఉంది. స్టిక్కర్‌లో ఉన్న అబ్బాయి షీ టీమ్స్ గడప తొక్కడు.

కేసు పెడితే

సైబర్ బుల్లీయింగ్ అనే పేరుతో మన దేశంలో విడిగా నేరం లేదు. అభ్యంతరకర మెసేజ్‌లకి వాడే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది, కొట్టేయడానికి తగిన కారణాలే ఉన్నాయి, నాయకుల మీద పోస్టులకి కూడా దాన్నే వాడేవారు. ఇప్పుడు జరిగినదాన్ని ముక్కలు చేసి వేరువేరు సెక్షన్లలో ఇరికించాలి. వేరేవాళ్ల పేరుతో ఖాతా తెరిస్తే ఐటీ చట్టం 66సి, 66డి. ఒంటిమీది ప్రైవేటు భాగాల ఫోటో అనుమతి లేకుండా తీసినా పంపినా 66ఇ. పిల్లల అసభ్య దృశ్యాలైతే 67బి, దాంతోపాటు పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో. వెంటపడి మెసేజ్‌లు పెడితే భారతీయ న్యాయ సంహిత 78, అదీ పురుషుడు స్త్రీని వేధిస్తేనే. బెదిరిస్తే 351. వీటిలో దేనికీ అందనిది గ్రూపులోంచి తీసేయడం, ఒకడి మీద మీమ్‌లు వేయడం, కన్ఫెషన్ పేజీలో ఎర్ర స్కూటీ అని రాయడం.

చేసింది పద్దెనిమిదేళ్ల లోపువాళ్లయితే ఇంకో మలుపు ఉంటుంది. 2016 జువెనైల్ జస్టిస్ నమూనా నిబంధనల ప్రకారం, కనీస శిక్ష ఏడేళ్లు ఉన్న ఘోర నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టరు. స్టేషన్ డైరీలో రాసుకుని, ఆ పిల్లవాడి ఇంటి పరిస్థితుల నివేదికతో బాలల న్యాయమండలికి పంపుతారు. కాబట్టి "కేసు పెట్టి లోపలేయించండి" అని స్టేషన్‌కి వచ్చే తల్లిదండ్రులు నిరాశపడతారు, పోలీసులు పట్టించుకోలేదని అనుకుంటారు. అది చట్టం కావాలని పెట్టిన అడ్డు.

చట్టం వేగంగా కదిలిన సందర్భాలూ లేకపోలేదు. 2024 జూలైలో ఒక తండ్రీ చిన్న కూతురు ఉన్న వీడియో మీద ఒక తెలుగు యూట్యూబర్, అతని మిత్రులు లైవ్‌లో నీచమైన వ్యాఖ్యలు చేస్తే, నటుడు సాయి ధరమ్ తేజ్ ఆ విషయాన్ని ముఖ్యమంత్రుల దృష్టికి తెచ్చారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి కొద్దిరోజుల్లోనే ఆ యూట్యూబర్‌ని బెంగళూరులో అరెస్టు చేసింది. ఇక్కడ నిందితులు పెద్దవాళ్లు, మాట్లాడింది బహిరంగంగా, వీడియో సాక్ష్యం అందరి ముందూ ఉంది, పైగా ఫిర్యాదు మోసినవాడు సినిమా హీరో. ఈ నాలుగూ లేని పదో తరగతి గ్రూపుకి ఆ వేగం రావాలని ఆశించడం కష్టం.

స్కూళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది. పోక్సో 19వ సెక్షన్ కింద పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష, సంస్థ అధిపతికైతే ఏడాది దాకా. పిల్లల రక్షణకి పెట్టిందే అయినా, పేరు పోతుందని భయపడే యాజమాన్యానికి ఇది అసలు సంగతి తెలియకుండా ఉండటమే మేలనే ఆలోచన పుట్టిస్తుంది. టీచర్ల చెవిన పడకుండా చూసుకునే వాతావరణం అలా తయారవుతుంది.

ఫోటో బయటికి పోయాక

"స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి" అన్నది అందరూ ఇచ్చే సలహా. తిట్లు, బెదిరింపులకి అది మంచి సలహాయే. మైనర్ అసభ్య ఫోటో విషయంలో మాత్రం ప్రమాదం. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు అలాంటి దృశ్యాల్ని చూడటం, దగ్గర పెట్టుకోవడం కూడా పోక్సో కిందికి రావచ్చని తేల్చింది. సాక్ష్యం కోసమని క్లాస్ టీచరుకి, టీచరు నుంచి ప్రిన్సిపాల్‌కి, అక్కణ్నుంచి మేనేజ్‌మెంట్ గ్రూపుకి ఆ ఫోటో తిరిగిందంటే సాయం చేయబోయినవాళ్లే నేరం చుట్టుకున్నట్టు. ఖాతా పేరు, లింకు, తేదీ, సమయం రాసుకుని, ఫోటో ఉన్న ఫోన్‌ని నేరుగా పోలీసులకి చూపించడమే సరైన పద్ధతి.

ఫోటో వ్యాపించకుండా ఆపే ఒక సాంకేతిక మార్గం చాలామందికి తెలియదు. అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం 2023లో 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ తెచ్చింది. పద్దెనిమిదేళ్లలోపు తీసిన నగ్న, అర్ధనగ్న ఫోటోల కోసం. పెద్దవాళ్లకి 2021లో వచ్చిన 'స్టాప్ ఎన్‌సీఐఐ' ఉంది. రెండింటిలోనూ ఫోటో ఫోన్ దాటి ఎక్కడికీ పోదు. ఫోన్‌లోనే ఆ ఫోటో నుంచి ఒక పొడవాటి అంకెలూ అక్షరాల వరస లెక్కగట్టి, దాన్ని మాత్రమే పంపిస్తుంది. ఒప్పందంలో ఉన్న కంపెనీలు తమ దగ్గరికి అప్‌లోడ్ అయ్యే ఫోటోల్ని ఆ వరసతో పోల్చి, సరిపోతే ఆపేస్తాయి. పేరు అడగరు, కేసు అక్కర్లేదు. "మీ నాన్నకి పంపిస్తా" అనేవాణ్ని ఇది ఆపలేదు, ఎందుకంటే గుట్టుగా ఒకరి నుంచి ఒకరికి పోయే ఎన్‌క్రిప్టెడ్ మెసేజ్‌లో పోల్చి చూసే వీలుండదు. ఫోటోని బాగా మార్చేసినా ఆ వరస సరిపోకపోవచ్చు. పబ్లిక్‌లో పెడతానన్న బెదిరింపు పదును మాత్రం చాలావరకు పోతుంది.

కంపెనీలు ఇచ్చిన మీటల్లో బ్లాక్ కన్నా పిల్లలకి ఎక్కువ పనికొచ్చేది ఇన్‌స్టాగ్రామ్ 2019లో తెచ్చిన రిస్ట్రిక్ట్. బ్లాక్ చేస్తే ఎదుటివాడికి తెలిసిపోతుంది, మర్నాడు క్లాసులో దానికీ ఒక గొడవ. రిస్ట్రిక్ట్ చేస్తే వాడు పెట్టే కామెంటు వాడికి తప్ప ఎవరికీ కనపడదు, మెసేజ్‌లు పక్కకి పోతాయి, వాడికి ఏమీ తెలియదు. ఎగదోయడానికి జనం లేకపోతే చాలామంది విసిగి మానేస్తారన్న ఆలోచన దాని వెనక ఉంది. 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలో టీన్ ఖాతాలు కూడా వచ్చాయి, అవి ముందే ప్రైవేట్‌గా ఉంటాయి, తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, పదహారు నిండనివాళ్లు ఆ సెట్టింగులు సడలించాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. ఇదంతా పుట్టిన సంవత్సరం నిజం చెప్పినవాళ్లకి.

ఆస్ట్రేలియాలో ఉన్నవి రెండు

వార్తల్లోకి ఎక్కింది నిషేధం. అమల్లోకి వచ్చిన నెలరోజుల్లో దాదాపు 47 లక్షల ఖాతాలు మూతపడ్డాయని అక్కడి ప్రభుత్వం చెప్పింది. మెల్బోర్న్, సిడ్నీల్లోని తెలుగు కుటుంబాల పిల్లలకీ ఇది వర్తిస్తుంది. కానీ ఆ దేశం నుంచి మనం చూడాల్సిన ఇంకో ఏర్పాటు 2015 నుంచే ఉంది. ఈసేఫ్టీ కమిషనర్ అనే స్వతంత్ర అధికారి. పిల్లవాడు కానీ తల్లిదండ్రులు కానీ ముందు కంపెనీకి ఫిర్యాదు చేయాలి. 48 గంటల్లో తీయకపోతే కమిషనర్‌కి చెప్పొచ్చు. తీవ్రమైనదనిపిస్తే తొలగించమని నోటీసు, గడువు 24 గంటలు. పెట్టినవాడికి కూడా నోటీసు ఇవ్వొచ్చు, పోస్టు తీసేయమని, ఇక ఆపమని, క్షమాపణ చెప్పమని. పోలీసు లేడు, స్టేషన్ లేదు, పిల్లాడి మీద కేసూ లేదు. న్యూజిలాండ్‌లో నెట్‌సేఫ్ అనే సంస్థ 2015 చట్టం కింద ఇలాంటి పనే మధ్యవర్తిత్వంతో చేస్తుంది.

మన 2021 ఐటీ నిబంధనల్లోనూ దారి ఉంది. ప్రతి కంపెనీకి గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, నగ్న, మార్ఫింగ్ ఫోటోలైతే 24 గంటల్లో తీయాలని, మిగతావి 15 రోజుల్లో తేల్చాలని ఆ నిబంధనలు వచ్చినప్పుడు పెట్టారు. నచ్చకపోతే 2023లో ఏర్పడ్డ అప్పిలేట్ కమిటీలకి అప్పీలు, అక్కడ ఇంకో 30 రోజులు. కాగితం మీద పెద్ద తేడా లేనట్టుంటుంది. కానీ ఈ కమిటీ పోస్టు గురించి మాత్రమే తేలుస్తుంది, పెట్టినవాడితో మాట్లాడదు, బాధపడ్డ పిల్లతోనూ మాట్లాడదు. నెల దాటాక స్టిక్కర్ తీసేసినా ఆ పిల్లవాడు అప్పటికి స్కూలు మారిపోయి ఉండొచ్చు.

నిషేధం ఇక్కడికి వస్తే ఏమవుతుందో ఊహించడానికి ఆస్ట్రేలియా చట్టంలో రెండు వివరాలు పనికొస్తాయి. ఒకటి, అక్కడ జరిమానా కంపెనీలకే, 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా, పిల్లలకీ తల్లిదండ్రులకీ ఏ శిక్షా లేదు. రెండు, వాట్సాప్ లాంటి మెసేజింగ్ యాప్‌లు నిషేధంలో లేవు. అంటే పదో తరగతి గ్రూపులో స్టిక్కర్ సంగతి ఎక్కడున్నది అక్కడే.

మన 2023 డేటా రక్షణ చట్టం ఇప్పటికే పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల డేటాకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది, పిల్లల మీద నిఘా, వాళ్లని గురిపెట్టే ప్రకటనలు కుదరవంటోంది. 2025 నవంబర్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం కంపెనీలు దీనికి సిద్ధం కావడానికి 18 నెలల గడువుంది. ఒక ఇంట్లో ఒకటో రెండో సిమ్‌లు, అవీ పెద్దవాళ్ల పేరు మీదే ఉన్న చోట, అడ్డు పెట్టేకొద్దీ పిల్లలు అమ్మ వయసుతో ఖాతా తెరవడం పెరిగే అవకాశం ఉంది. అలా తెరిచిన ఖాతా కంపెనీ లెక్కలో ముప్పై అయిదేళ్ల మహిళది, దానికి టీన్ ఖాతా రక్షణలేవీ ఉండవు. అందులో ఎవడైనా బెదిరిస్తే పిల్ల చెప్పాల్సిన తప్పులు రెండవుతాయి, ఫోటో ఒకటి, దొంగ ఖాతా ఇంకోటి.

ఏపీలో ముసాయిదా అంటూ వస్తే వయసు పద్నాలుగా పదహారా అన్నదాని మీదే గొడవంతా నడుస్తుంది. అంతకన్నా ముందు వెతకాల్సిన నిబంధనలు మూడున్నాయి. శిక్ష కంపెనీకా, ఇంటికా. నిషిద్ధ ఖాతాలో వేధింపు ఎదురైన పిల్లవాడు ఆ ఖాతా ఉందన్న భయం లేకుండా ఫిర్యాదు చేయొచ్చా. ఆ ఫిర్యాదు తీసుకోవడానికి స్టేషన్ కాని చోటు ఏదైనా జిల్లాలో ఉంటుందా.